అంగుళం బండ

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇరవై ఆరేళ్ళు నిలబడి దేవుని వాక్యం చెప్పిన చోటు నుంచి ఈ రోజు నన్ను ఒక్క కాగితంతో దించారు. ఆ కాగితం చదివింది నా తమ్ముడు. సంఘం కార్యదర్శి కదా, చదవాల్సింది వాడే.

"ఇకమీదట మన ప్రార్థన మందిరంలో వాక్యం చెప్పేవారు కనీసం వయోజన పాఠశాల పరీక్ష పాసై ఉండాలి."

వాక్యం చెప్పేవాళ్ళం నలుగురం. ఆ పరీక్ష లేనిది ఎవరికి? నాకే. అంటే పేరు రాయకుండానే నా పేరు రాశారన్నమాట.

లేచాను. "ప్రభువు చేపలు పట్టుకునేవాళ్ళని వలలు వదిలి రమ్మన్నప్పుడు సర్టిఫికెట్లు అడిగారా? గాడిద నోట మాట పలికించినప్పుడు అది ఎంతవరకు చదివిందో కనుక్కున్నారా?" అన్నాను. పరిశుద్ధ గ్రంథం నా చేతిలోనే ఉంది, పేజీ తీసి చూపించడానికి సిద్ధంగా ఉన్నాను.

వెనకనుంచి ఎవరో అన్నారు: "గాడిదకి మినహాయింపు ఇద్దాంలెండి మేస్త్రి గారూ!"

నవ్వారు. ఈ మందిరంలో నేల నా చేతులతో పరిచాను. గోడ నుంచి గోడకి ఒక్క కోత బండ లేకుండా పరిచాను. ఆ నేల మీదే బల్లలేసుకుని కూర్చుని నవ్వారు.

తమ్ముడు మాత్రం నవ్వలేదు. "అందరికీ ఒకటే నియమం అన్నయ్యా" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వాడి కాలేజీ చదువు నా మోకాళ్ళ మీద నడిచింది. నా మోకాళ్ళు రెండే పనులకి అరిగాయి, బండలు పరచడానికీ ప్రార్థనకీ.

ఇంటికి వస్తుంటే మా ఆవిడ మొదలెట్టింది. "మూడు వారాల కిందట వేదికెక్కి మీరన్న మాట వాళ్ళు మింగేసి ఊరుకుంటారనుకున్నారా?"

ఏమన్నాను? ప్రార్థన మధ్యలో తమ్ముడి ఫోను మోగింది. వాడు లేచి బయటికి పోయాడు, వెనకే వాడి భార్య కూడా పోయింది. తిరిగొచ్చి కూర్చున్నాక వేదిక మీద నుంచి ఒక్క మాట అన్నాను. "మనలో కొందరున్నారు. ఆరడుగుల చదువు, అంగుళం భక్తి." జనం తలలు తిప్పి వాళ్ళ వైపు చూసి నవ్వితే అది నా తప్పా?

నేను పేరు పెట్టలేదు.

ఇదంతా పని కొలతలు రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో రాస్తున్నాను. ఇంట్లో అరవకూడదని మా ఆవిడ తీర్మానం. కాగితం చెవులు మూసుకోదు.

ఫిబ్రవరి 10

పరీక్ష రాయను. నేను నోరు మూసుకుంటే నేను పరిచిన రాళ్ళే లేచి కేకలేస్తాయి. ఆ సంగతి గ్రంథంలో ఉంది.

ఫిబ్రవరి 11

రాళ్ళు కేకలేసేలా లేవు. పరీక్ష రాస్తాను.

వాళ్ళ కోసం కాదు. పాసైన కాగితం తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టినప్పుడు వాడి మొహం ఎలా ఉంటుందో చూడాలి. అంతే.

ఫిబ్రవరి 17, సోమవారం

సాయంత్రం అయిదున్నరకి బడి. పొద్దున పిల్లలు కూర్చునే బల్లలే సాయంత్రం మాకు. నా మోకాళ్ళు బల్ల కింద పట్టలేదు, నడవలోకి చాపి కూర్చున్నాను. పంతులమ్మకి ముప్పై ఏళ్ళుంటాయేమో. వచ్చీ రాగానే తట్టుకుని పడబోయి నా వైపు చూసింది.

"మేస్త్రి గారూ, ఈ కాళ్ళు మీవేనా, బడివా?"

"నావేనమ్మా. ప్రభువు కోసం అరిగినవి."

"అయితే ప్రభువుకి చెప్పి కొంచెం లోపలికి పెట్టించండి."

నా పక్కన కూర్చున్నది మా వీధిలో ఇస్త్రీ చేసే ఆవిడ. బస్సుల మీద అంకెలు చదవాలని వచ్చిందట. ముప్పై ఏళ్ళు బట్టలు మడతపెట్టిన చెయ్యి, నోటుపుస్తకం కూడా చొక్కాలాగే మడుస్తుంది. చదవడం, రాయడం నాకు కష్టం కాదు. గ్రంథం ముందు పెట్టుకుని అక్షరం అక్షరం నాకు నేనే నేర్చుకున్నాను, ఏ బడీ నేర్పలేదు. లెక్కలొక్కటే కావాలి.

ఫిబ్రవరి 27, గురువారం

ఈ రోజు రాయడానికి చెయ్యి దురదగా ఉంది.

పంతులమ్మ బోర్డు మీద రాసింది: గరిష్ఠ సామాన్య భాజకం. పేరు వింటే పెద్ద అధికారి వస్తున్నాడు, లేచి నిలబడాలేమో అనిపించింది. అసలు సంగతి ఇంతే. రెండు సంఖ్యలిస్తారు. ఆ రెండిటినీ ఏమీ మిగలకుండా భాగించే సంఖ్యలు కొన్ని ఉంటాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది చెప్పాలి.

"ఎనభై నాలుగు, అరవై" అంది పంతులమ్మ. ఎనభై నాలుగుని భాగించేవన్నీ ఒక వరస రాసింది, పన్నెండు అంకెలు. అరవైని భాగించేవి ఇంకో వరస, అవీ పన్నెండే. రెండు వరసల్లోనూ ఉన్నవాటికి సున్నాలు చుడుతోంది. సుద్ద ముక్క అరిగిపోతోంది.

"పన్నెండు" అన్నాను.

"ఇంకా చుట్టలేదుగా, ఎలా తెలుసు?"

"అది స్నానాల గది అమ్మా. పొడవు ఎనభై నాలుగు అంగుళాలు, వెడల్పు అరవై. కోత లేకుండా పరచాలంటే అన్నిటికన్నా పెద్ద చదరపు బండ ఎంత? పన్నెండు అంగుళాలు."

లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి చూపించాను. నేను పని నేర్చుకున్న రోజుల్లో గది కొలిచి, ఆ కొలతకి బండలు కోయించి తెచ్చేవాళ్ళం. నాకప్పుడు అంకెలు రావు, తాడే లెక్క. పొడవంత ఒక తాడు, వెడల్పంత ఒక తాడు. పెద్ద తాడులోంచి చిన్న తాడంత కోసెయ్యాలి. ఎనభై నాలుగులోంచి అరవై పోతే ఇరవై నాలుగు. ఇప్పుడు అరవై పెద్దది, అందులోంచి ఇరవై నాలుగు రెండుసార్లు పోతే పన్నెండు. ఇరవై నాలుగులోంచి పన్నెండు రెండుసార్లు. ఏమీ మిగల్లేదు. చేతిలో ఉన్న ఆ చివరి ముక్కే బండ కొలత.

పంతులమ్మ తన వరసలు చూసింది, నా తీసివేతలు చూసింది. "ఇది మీకెవరు నేర్పారు?"

"తాడు."

"పుస్తకంలో చివర్న భాగహార పద్ధతి అని ఉంది, ఇదే అది. పరీక్షలో ఇలాగే రాయండి, ఎవరూ తప్పనరు."

ఇస్త్రీ ఆవిడ మోచేత్తో పొడిచింది. "పెద్దాయనా, మిమ్మల్ని దించినవాళ్ళకి ఈ విద్య వచ్చా?"

రాదు! నా తమ్ముడు అన్ని పరీక్షలు పాసయ్యాడు, వాడికి తాడు రాదు. మందిరం నేలకి కూడా ఇలాగే కొలిచాను. గోడ పక్కన కోత ముక్క పెట్టి, దాని మీద బీరువా జరిపి దాచే మేస్త్రీలున్నారు. నేను నా జన్మలో బీరువా జరపలేదు.

మార్చి 9, ఆదివారం

నన్ను దించాక నాలుగో వారం. వెనక బల్ల మీద కూర్చున్నాను. వాక్యం చెప్పినవాడు కాగితం చూసి చదివాడు. మంట లేదు, పొగ కూడా లేదు. నా నిరసన నేను తెలిపాను. ఆమేన్ అనాల్సిన చోట ఊరుకుని, అనకూడని చోట గట్టిగా అన్నాను. "వచ్చేవారం నీళ్ళ పంపు బాగుచేస్తారు" అన్నప్పుడు "ఆమేన్!" అన్నాను. పిల్లలు నవ్వారు, పెద్దలు మెడలు తిప్పారు.

తమ్ముడు ముందు వరసలో ఒక్కడే కూర్చున్నాడు. మరదలు ఈ వారం కూడా రాలేదు. జనవరి నుంచీ రావడం లేదని మా ఆవిడ అంటోంది. ఎందుకు రావడం లేదో ఎవరికి తెలుసు!

మార్చి 20, గురువారం

బడికి వెళ్ళలేదు. వేదిక లేకపోతే వీధి లేదా అని బస్సుల స్టాండులో నిలబడి చెప్పాను. మొదట తొమ్మిదిమంది విన్నారు. తరవాత అయిదుగురు. చివరికి ఒకాయన మిగిలాడు, కళ్ళార్పకుండా విన్నాడు. ఆత్మ పనిచేస్తోందనుకుని దగ్గరికి వెళితే, "అయ్యా, పదిహేడో నంబరు బస్సు పోయిందా?" అన్నాడు.

అయినా సరే.

మార్చి 21

నేను రాని రోజున చెప్పిన పాఠం ముఖ్యమైందట. ఇస్త్రీ ఆవిడ పుస్తకం చూసి రాసుకోమంది పంతులమ్మ.

"దేని మీదమ్మా?"

"గసాభాలోనే. ఒక్కోసారి జవాబు..."

"గసాభా నాకు వచ్చు. రానివాళ్ళు రాసుకుంటారు" అన్నాను. పంతులమ్మ బోర్డు తుడవడం మొదలెట్టింది.

ఏప్రిల్ 5, శనివారం

పరీక్ష అయిపోయింది. పన్నెండో ప్రశ్న దగ్గర తప్ప చెయ్యి ఎక్కడా ఆగలేదు.

పన్నెండు: 35, 48 ల గసాభా కనుగొనండి. అయిదు మార్కులు.

నలభై ఎనిమిదిలోంచి ముప్పై అయిదు పోతే పదమూడు. ముప్పై అయిదులోంచి పదమూడు రెండుసార్లు పోతే తొమ్మిది. పదమూడులోంచి తొమ్మిది పోతే నాలుగు. తొమ్మిదిలోంచి నాలుగు రెండుసార్లు పోతే ఒకటి.

ఒకటి!

మళ్ళీ చేశాను. ఒకటి. మూడోసారి కళ్ళు మూసుకుని, తాడు చేతిలో ఉన్నట్టు ఊహించుకుని కోశాను. ఒకటే.

ముప్పై అయిదు అంగుళాల గదికి అంగుళం బండలా? అంగుళం బండ కోయమని అడిగితే రాళ్ళ మిల్లువాడు నన్ను గేటు దాటనివ్వడు. ముప్పై ఎనిమిదేళ్ళ పనిలో తాడు అంత చిన్నదైన ప్రతిసారీ తప్పు కొలతలోనే దొరికింది. గోడ వంకరో, టేపు జారడమో. మళ్ళీ కొలిస్తే సరిపోయేది. అందుకని జవాబు ఇలా రాశాను:

"ఈ గదికి కోత లేకుండా సరిపడే బండ లేదు. ప్రశ్న వేసినవారు గది మళ్ళీ కొలుచుకోవాలి."

కింద సంతకం కూడా పెట్టాను. తప్పు చూసి ఊరుకుంటే ఆ తప్పులో నాకూ వాటా ఉన్నట్టే.

మే 5, సోమవారం

పోయింది. లెక్కల్లో ముప్పై ఏడు వచ్చాయి, నలభై కావాలి.

పంతులమ్మ జవాబు కాగితం పట్టుకుని ఇంటికే వచ్చింది. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"ఏమిటండీ ఇది మేస్త్రి గారూ? లెక్కంతా చేశారు, చివర ఒకటి వచ్చింది. ఆ ఒకటి రాసి ఊరుకుంటే అయిదు మార్కులూ మీవి. ఉత్తరం ఎందుకు రాశారు?"

"ఒకటి జవాబు ఎలా అవుతుందమ్మా?"

"ఒకటి జవాబే. రెండు సంఖ్యలకి ఇంకేమీ కలవకపోతే ఒకటి కలుస్తుంది. మీరు బస్టాండులో ఉన్న రోజు చెప్పిన పాఠం అదే."

"అంగుళం బండలతో నేల పరిచినవాణ్ణి చూపించండి!"

"పరీక్షలో గది అడగలేదు. అంకెలు అడిగారు."

"అంకెలు దేనికోసం పుట్టాయి మరి? నేల మీద పనికిరాని అంకె ఎవడికి కావాలి?"

మా ఆవిడ మధ్యలో వచ్చింది. "తల్లీ, ఈయన దేవుడితోనే వాదిస్తారు. నువ్వెంత! టీ తాగు."

జూన్‌లో మళ్ళీ పరీక్ష పెడతారట. వెళ్ళనన్నాను. ప్రశ్న తప్పు, నేను తప్పు కాదు. సంఘం పెద్దలకి అర్జీ రాస్తాను. నేను రాసింది న్యాయమని ఒప్పుకుని నన్ను వేదిక ఎక్కనివ్వాలి. అర్జీ కార్యదర్శి చేతికే ఇవ్వాలి. ఇస్తాను, నాకేం భయం?

మే 18, ఆదివారం

అర్జీ పట్టుకుని తమ్ముడి ఇంటికి వెళ్ళాను. వాడు లేడు. గేటు దగ్గర మరదలు మొక్కలకి నీళ్ళు పోస్తోంది. చిక్కిపోయింది.

"రండి బావగారూ. తల వంచుకుని రావాలి సుమా. అంగుళం భక్తి ఉన్నవాళ్ళ గుమ్మం మరి, అంగుళమే ఉంటుంది."

"నేను పేరు పెట్టలేదమ్మా" అన్నాను.

"పెట్టాల్సింది." గొట్టం పక్కన పడేసింది. "పేరు పెడితే నేనూ లేచి జవాబు చెప్పేదాన్ని. పేరు లేని మాటకి ఎవరు జవాబు చెబుతారు? వందమంది చూసి నవ్వుతుంటే మేమిద్దరం బొమ్మల్లా కూర్చున్నాం."

"ప్రార్థన మధ్యలో ఫోను..."

"ఆ ఫోను ఆసుపత్రి నుంచి. నా రొమ్ములో గడ్డ ఉందని పరీక్షకి పంపారు. కబురు ఆ రోజు వస్తుందన్నారు. బయటికెళ్ళి విన్నాం, ప్రమాదం లేదన్నారు. మెట్ల మీద కూర్చుని ఇద్దరం ఏడ్చాం, స్తోత్రం చెప్పుకున్నాం. లోపలికొచ్చి కూర్చోగానే మీ అంగుళం మా నెత్తిన పడింది."

వంగి గొట్టం ఎత్తి మొక్క మొదట్లో పెట్టాను.

"నియమం గురించి కూడా వినండి" అంది. "అది పెద్దలు పెట్టింది. ఈయన అడ్డు చెప్పబోతే నేనే అడిగాను, మీ అన్నయ్య పాసవ్వలేరా అని. 'అన్నయ్యా? కూర్చుంటే ఏదైనా పాసవుతాడు' అన్నారు. అందుకే ఊరుకున్నారు."

అర్జీ జేబులోనే ఉంది. తడిసిపోయింది. గొట్టం నీళ్ళకనుకుంటాను.

మే 19

వాళ్ళు ముందే చెప్పొచ్చుగా. నాకెలా తెలుస్తుంది?

మే 20

పేరు పెట్టలేదు అని ఈ పుస్తకంలో ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిప్పి చూశాను. లెక్కపెట్టలేదు. తిప్పి చూశానంతే.

మే 28, బుధవారం

పాత ఆసుపత్రిలో చిన్న మరమ్మతు. వీధి గుమ్మం దాటగానే చెప్పులు విడిచే చిన్న చోటు ఉంది. అక్కడ నాలుగు పలకలు లేచిపోయాయి. గంట పని. మోకాళ్ళ మీద కూర్చుని చూశాను.

అంగుళం పలకలు. తెల్ల పింగాణీవి, సందుతో కలిపి సరిగ్గా అంగుళం. నా కంటే ముందు తరం మేస్త్రి ఎవరో పరిచాడు. ఇన్నేళ్ళలో ఈ గుమ్మం ఎన్నిసార్లు దాటానో, ఎప్పుడూ చెప్పులే చూసుకున్నాను.

టేపు తీశాను. ముప్పై అయిదూ నలభై ఎనిమిదీ కాదు, అంత వేళాకోళం ప్రభువు చెయ్యడు. ఇరవై తొమ్మిది, నలభై నాలుగు. నేల మీదే వేలితో లెక్క వేశాను. నలభై నాలుగులోంచి ఇరవై తొమ్మిది పోతే పదిహేను. ఇరవై తొమ్మిదిలోంచి పదిహేను పోతే పధ్నాలుగు. పదిహేనులోంచి పధ్నాలుగు పోతే ఒకటి.

గోడ వంకర లేదు, మూలమట్టం పెట్టి చూశాను. టేపు జారలేదు, మూడుసార్లు కొలిచాను. గుమ్మం కొలత అంతే. ఏ బండ తెచ్చినా అంచున కోత తప్పదు. ఆ మేస్త్రికీ ఆ సంగతి తెలిసే ఉంటుంది. ఆయన గది మళ్ళీ కొలుచుకోమని ఉత్తరం రాయలేదు. అంగుళానికి దిగాడు. వెయ్యీ రెండువందల డెబ్బై ఆరు పలకలు, ఒక్కొక్కటీ వేలితో నొక్కి పెట్టాడు. నాలుగు అంచులూ చూశాను, ఒక్క కోత లేదు. కొన్ని వేలమంది రోగులు దాని మీద నడిచారు. మరదలు కూడా నడిచే ఉంటుంది, ఆ గడ్డ పరీక్షకి వచ్చినప్పుడు.

బీరువా జరపలేదని గొప్పలు చెప్పుకున్నాను. 'పేరు పెట్టలేదు' అన్న బీరువాని నాలుగు నెలలుగా జరుపుతూనే ఉన్నాను.

లేచిన నాలుగు పలకలూ అతికించాను. ఇంటికొచ్చి వంటింట్లో ఆవాల డబ్బా దించి, స్కేలు మీద ఆవగింజలు వరసగా పేర్చాను. ఆవగింజంత విశ్వాసం ఉంటే కొండ కదులుతుందని నేనే వందసార్లు చెప్పాను.

"ఆవాలు కూరకా, ప్రసంగానికా?" అంది మా ఆవిడ.

"ఊపిరి పీల్చకు. దొర్లిపోతాయి."

అంగుళానికి పదమూడు పట్టాయి.

మే 31

పొద్దున్నే గేటు దగ్గరికి వెళ్ళాను. "రేపు ఒక్కసారి మందిరానికి రా అమ్మా. తలుపు పక్కనే కూర్చో. నచ్చకపోతే లేచి వెళ్ళిపో."

"మళ్ళీ ఎవర్ని కొలుస్తారు బావగారూ?"

"నన్ను."

జూన్ 1, ఆదివారం

మరదలు వచ్చింది. తలుపు పక్కన కూర్చుంది.

పాట అయిపోయింది. చెప్పేవాడు కాగితం విప్పుతున్నాడు. వెనక బల్ల దగ్గర లేచి నిలబడ్డాను.

తమ్ముడు వెంటనే లేచాడు. "అన్నయ్యా, కూర్చో. పరీక్ష లేనివాళ్ళు చెప్పకూడదు. నియమం."

"తెలుసు. రెండు నిమిషాలు తప్పుతాను. శిక్ష రాసుకో, రాసేవాడివి నువ్వేగా."

"అన్నయ్యా..."

"కూర్చుంటానురా! చెప్పాక."

మైకు లేదు. నాకెప్పుడూ అక్కర్లేదు.

"జనవరిలో ఆ వేదిక మీద నిలబడి, ఆరడుగుల చదువు అంగుళం భక్తి అన్నాను. ఎవర్ని అన్నానో మీ అందరికీ తెలుసు. పేరు పెట్టలేదని ఇన్నాళ్ళూ దాక్కున్నాను." అప్పుడు పేరు పెట్టాను. నా తమ్ముడి పేరు, ఇంటిపేరుతో సహా. మరదలి పేరు కూడా. "వీళ్ళిద్దర్నీ అన్నాను. ఎందుకు లేచి వెళ్ళారో అడక్కుండా అన్నాను. ఇప్పుడు కొలత దిద్దుతున్నాను. ఆవగింజంత చాలని గ్రంథం చెబుతుంటే, అంగుళం తక్కువని ఎగతాళి చేశాను. నిన్నమొన్న పేర్చి చూశాను. అంగుళంలో పదమూడు ఆవగింజలు పడతాయి. వాళ్ళ దగ్గర పదమూడు ఉన్నాయి. నా దగ్గర ఒక్కటి ఉందో లేదో చూసుకుంటాను. నేను కొలిచిన బద్ద నా వీపు మీదే పడాలి. పడింది. ఆమేన్."

కూర్చున్నాను. ఎవరూ నవ్వలేదు, గాడిద మాట అన్నవాడు కూడా. మరదలు లేచి వెళ్ళలేదు. చెంగుతో మొహం తుడుచుకుని, పాటల పుస్తకం తప్పు పేజీలో తెరిచింది.

పెద్దలు అక్కడికక్కడే కూడి తీర్మానించారు: అందరి ఎదురుగా నియమం ఉల్లంఘించాడు కాబట్టి, పరీక్ష పాసైనా అవ్వకపోయినా మూడు నెలలు వెనక బల్ల. తమ్ముడు చదివాడు. మొదటిసారి ఎవరికీ వినపడలేదు, మళ్ళీ చదివాడు.

"ఆరు నెలలు రాసుకోండి! ఆ మాట మళ్ళీ చెప్పమన్నా చెబుతాను" అన్నాను.

"క్షమాపణ బాగా అడిగారు" అంది మా ఆవిడ దారిలో.

"క్షమాపణ కాదు. కొలత దిద్దాను."

"సరే, అదే."

"అదే కాదు!"

జూన్ 14, శనివారం

మళ్ళీ పరీక్ష. వేదిక ఎలాగూ దగ్గర్లో లేదు, అయినా వెళ్ళాను. ఇప్పుడు ఎవరి మొహం కోసమూ కాదు.

ఒకటి వచ్చే లెక్క ఇస్తారేమోనని ఆశగా చూశాను. 72, 96 ఇచ్చారు. రెండు కోతల్లో ఇరవై నాలుగు తేలింది. ఇంత సులువా అని కాస్త చిరాకేసింది. ఎవరూ అడక్కపోయినా జవాబు కింద ఒక మాట రాశాను: "ఇరవై నాలుగు లేని చోట కూడా ఒకటి ఉంటుంది. అంగుళానికి దిగే మోకాళ్ళు ఉండాలి."

సంతకం పెట్టలేదు.

జూలై 2, బుధవారం

పాస్. లెక్కల్లో డెబ్బై ఒకటి. ఇస్త్రీ ఆవిడకి డెబ్బై నాలుగు! వీధంతా చెప్పింది. "మేస్త్రి గారూ, మళ్ళీ ఉత్తరం రాశారుగా!" అని పంతులమ్మ నెత్తి కొట్టుకుంది. మార్కులు మాత్రం తగ్గించలేదట.

సర్టిఫికెట్టు తీసుకెళ్ళి తమ్ముడి చేతిలో పెట్టాను. ఫిబ్రవరిలో అనుకున్నట్టు వాడి మొహం చూద్దామనుకున్నాను. వాడు తల వంచుకుని చదువుతున్నాడు. నాలుగు వరసల కాగితం, చదువుతూనే ఉన్నాడు. మొహం కనపడలేదు.

జూలై 6, ఆదివారం

వెనక బల్ల. ఇంకా ఎనిమిది వారాలు. మూడో వరసలో మా ఆవిడా మరదలూ ఒకే పాటల పుస్తకం పట్టుకున్నారు.

పాట మొదలయ్యాక తమ్ముడు ముందు వరసలోంచి లేచాడు. ఫోనేమో అనుకున్నాను. నేరుగా వెనక్కి వచ్చాడు.

"జరుగు."

"కార్యదర్శి ముందు కూర్చోవాలిగా?"

"అలాంటి నియమం ఏదీ లేదు. నేను చూశాను. జరుగు అన్నయ్యా."

జరిగాను.

చెప్పేవాడు ఈ వారం కూడా కాగితం చూసే చదివాడు. మధ్యలో ఆపి, ఎవరిదో గొడుగు మందిరంలో ఉండిపోయింది, వచ్చి తీసుకెళ్ళాలన్నాడు. నేను ఊరుకోదలచుకోలేదు. శిక్ష నా కాళ్ళకే గాని గొంతుకి కాదు.

"ఆమేన్!" అన్నాను.

పక్కనుంచి ఇంకో ఆమేన్ వినిపించింది. నా కంటే గట్టిగా.